పన్నెండు అంగల బౌలర్

పోయిన నెల మా బావ సంవత్సరీకానికి భూపాలపల్లి దగ్గరి చిట్యాల వెళ్లాను. బావ అంటే మా పెద్దక్క భర్త. భోజనాలకు ఇంకా వేళ కాలేదని మగవాళ్లమంతా ముందుగదిలో కూర్చుని ఉంటే, అక్క మనవళ్లిద్దరు, డిగ్రీ చదువుతున్నవాళ్లు, మాటల సందడి తగ్గగానే మెల్లగా టీవీ పెట్టారు. దండ వేసిన బావ ఫోటో ఆ టీవీ పక్కనే ఉంది. పోయిన మనిషి పక్కన ఈ ఆటల గోల ఏమిటని కసురుదామనుకున్నాను గాని, తెర మీద బొమ్మ చూశాక ఆగిపోయాను. తెరను నిలువునా రెండుగా చేసి, రెండు దేశాల కుర్రాళ్లను చెరో వైపు నిలబెట్టారు. ఇద్దరూ ఇరవై దాటీ దాటని ఫాస్ట్ బౌలర్లు. ఒకడు తాటిచెట్టంత పొడుగు, కుడిచేతి వాటం, గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో బంతి విసురుతాడట. రెండోవాడు ఎడమచేతి వాటం, ఎత్తు మామూలే, వేగం పది పన్నెండు తక్కువే గాని బంతి బ్యాట్స్‌మన్ ముందుకు వచ్చాక చివరి క్షణంలో లోపలికి తిరుగుతుంది. కోట్లు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు బల్ల ముందు కూర్చుని, వీళ్లిద్దరిలో రేపు ప్రపంచాన్ని ఏలేది ఎవరని పెళ్లి సంబంధం చూస్తున్నంత శ్రద్ధగా తూకం వేస్తున్నారు.

మనవళ్లు కూడా వెంటనే చెరో పక్షం తీసుకున్నారు. పెద్దవాడు వేగం అన్నాడు, చిన్నవాడు స్వింగ్ అన్నాడు. వాదన తెగక చిన్నవాడు నావైపు తిరిగి, "తాతా, నువ్వు గూడ ఎన్కట బౌలర్‌వేనట గద, నువ్వు చెప్పు, ఇద్దర్ల ఎవరు పెద్దోడైతడు?" అని అడిగాడు. బౌలర్‌వేనట! పన్నెండేళ్ల వయసు నుంచి ఇరవై రెండేళ్ల దాకా జనగామ మొరం నేల మీద మడమలు పగిలేటట్టు పరుగెత్తినవాడిని. సొంత అక్క ఇంట్లో అదొక విన్నమాటగా మిగిలిపోయింది. ఇద్దరూ కారు అని చెప్పాను. వాళ్లు నవ్వారు. ముసలాయన చిరాకు పడుతున్నాడనుకుని మళ్లీ తెరవైపు తిరిగారు.

నేను చిరాకుపడి అన్న మాట కాదది. నా వయసువాళ్లకు తెలుసు, ఇలాంటి జంటలను మనం ఎన్నింటిని చూశామో. రేడియోకు చెవి ఆనించి విన్న రోజుల నుంచి ప్రతి నాలుగైదేళ్లకూ ఇలాగే ఇద్దరు కుర్రాళ్లను పక్కపక్కన నిలబెడతారు, ఈ దేశంవాడు గొప్పా ఆ దేశంవాడు గొప్పా అంటారు, పేపరువాళ్లు ఫోటోలు వేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఒకడికి నడుము ఎముక చిట్లుతుంది, ఇంకొకడికి మోకాలు పోతుంది, లేదా ఏ కారణమూ లేకుండా వేగం చేతిలోంచి జారిపోతుంది. వాళ్లను ఎవరూ మళ్లీ తలుచుకోరు. పోల్చినవాళ్లు మాత్రం అదే బల్ల ముందు కూర్చుని ఇంకో ఇద్దరిని తెచ్చుకుంటారు. పోల్చడమన్నది ఎక్కడా ఎవరికీ న్యాయం చేసింది లేదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే నన్ను ఒక్కసారి పోల్చారు. నలభై ఏళ్లు దాటింది. ఆ రోజు ఎండ ఏ వైపు నుంచి పడుతోందో కూడా చెప్పగలను.

బంతి వేగం కొలిచే యంత్రాలు అప్పుడు మా జిల్లాలో కాదు గదా, మా ఊహల్లో కూడా లేవు. అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసి ఉన్నా మేమెవరమూ మానుకోట అనే తప్ప ఇంకోలా అనలేదు. ఈ ఊళ్లన్నింటిలోనూ ఫాస్ట్ బౌలర్‌ను కొలిచే పద్ధతి ఒక్కటే: వికెట్ కీపర్ స్టంపులకు ఎంత వెనక నిలబడ్డాడన్నది. బౌలర్‌ను బట్టి కీపర్ తనకు అనువైన చోటు చూసుకుని, బూటు మడమతో మొరంలో ఒక గీత గీసుకునేవాడు. ఆట అయిపోయాక పిల్లలంతా మూగి, స్టంపుల దగ్గర నుంచి ఆ గీత దాకా పెద్ద అంగలు వేసుకుంటూ లెక్కపెట్టేవాళ్లు. పదిహేను అంగల బౌలర్ అంటే గౌరవం. పదిహేడు, పద్దెనిమిది అంటే పక్క ఊళ్లో కూడా పేరు. పది అంగలవాడిని స్పిన్నర్ అని ఏడిపించేవాళ్లం. ఏడిపించిన వాళ్లలో నేను ముందుండేవాడినని ఒప్పుకోవాలి. మా కాలేజీలో పాపం నాకంటే సీనియర్ ఒకతను, మంచి బౌలరే, ఒకసారి తొమ్మిదంగలు తేలినందుకు అతన్ని నేను వారం రోజులు వదలలేదు. నాది పదిహేడంగలు మరి. మా కాలేజీ కీపర్ గీసిన గీత అది, అతను నమ్మదగిన మనిషి.

బావ సంగతి వేరు. బావ అప్పుడు జనగామలోనే సర్కారు బడిలో టీచర్. అక్కాబావలు మా వీధిలోనే అద్దెకుండేవాళ్లు, చిట్యాలకు మారింది ఆ తర్వాత. ఆయనకు ఆటంటే ప్రాణమే గాని జట్టులో ఆడింది తక్కువ. పొద్దున్నే, బడి గంటకు చాలా ముందు, నన్ను లేపి బడి ఆవరణలోకి తీసుకుపోయేవాడు. ఆ ఆవరణ ఇరుకు. ఒక పక్క నల్లా, ఒక పక్క వేపచెట్టు, వెనక ప్రహరీగోడ. స్టంపుల బదులు మూడు కట్టెలు పాతుకుంటే, గోడకూ వాటికీ మధ్య పన్నెండంగలు ఉండేది. బావ గోడకు వీపు ఆనించి కూర్చుని, ఒక్కడే, బ్యాట్స్‌మన్ లేకుండా నా బంతులు పట్టేవాడు. అలా మూడేళ్లు. చలికాలంలో అరచేతులు ఎర్రగా వాచి, తరగతిలో సుద్దముక్క పట్టుకోలేకపోయేవాడట. ఆ సంగతి అక్క నన్ను తిట్టేటప్పుడు చెప్పేది. నేను చెప్పబోయేది విన్నాక, ఇన్ని గుర్తున్నవాడివి ఆయన మంచి మాత్రం ఎందుకు గుర్తుపెట్టుకోలేదని మీరు అడగవచ్చు. గుర్తుంది. మంచి గుర్తుంటే చెడు మరిచిపోవాలన్న నియమం నేను ఎక్కడా చదవలేదు.

ఆ సంవత్సరం జిల్లా జట్టుకు ఆటగాళ్లను ఎంచడానికి జనగామ గ్రౌండులో ఒక మ్యాచ్ పెట్టారు. ఎంచేందుకు బయటి నుంచి ఒక సారు వచ్చాడు. బ్యాట్స్‌మన్ల సంగతి ముందే తేలిపోయిందని, కొత్త బంతికి ఒక్క ఫాస్ట్ బౌలర్ చోటే ఖాళీగా ఉందని అందరికీ తెలుసు. జిల్లా జట్టులో పడితే అక్కడి నుంచి హైదరాబాద్ సెలక్షన్లకు పోవచ్చు, ఆ పైన మన అదృష్టం. ఆ ఒక్క చోటుకు ఇద్దరం. నేను, మానుకోట నుంచి ప్యాసింజరు బండిలో వచ్చిన ఒక పొడుగు కుర్రాడు. వాళ్ల నాన్నకు రైల్వే గేటు దగ్గర సైకిల్ టాక్సీ, అంటే సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణం, ఉండేది. ఆ కుర్రాడిని అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అలాగే అన్నాను, ఇప్పుడూ అలాగే అంటాను. అతను రైలింజనులా ఊగుతూ వచ్చి బంతిని విసిరితే అది ఎటు పోతుందో దేవుడికి తెలియాలి. నా బంతి అంత వేగం ఉండకపోవచ్చు, కాని ఎక్కడ వేయమంటే అక్కడ పడేది, పడ్డాక లోపలికి తిరిగేది. టీవీలో ఆ ఇద్దరిని చూసినప్పుడు నేను ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

ఆ రోజు రావలసిన కీపర్‌కు కాజీపేటలో బండి తప్పిపోయింది. సారు విసుక్కుంటుంటే, మా బావ ఉన్నాడు సార్, బాగా పడతాడు అని నేనే చెప్పాను. నేనే చెప్పాను. బావ ప్యాంటు పైకి మడిచి, ఎవరివో గ్లవ్స్ తొడుక్కుని, నావైపు చూసి నవ్వుతూ స్టంపుల వెనక్కి వెళ్లాడు. ఆ పూట పరుగెత్తినంత ధైర్యంగా నా జీవితంలో ఇంకెన్నడూ పరుగెత్తలేదు. నలుగురం భుజాన వేసుకుని మోసుకొచ్చి మేకులు కొట్టిన కొబ్బరినార మ్యాటు మీద బంతి బుస్సుమని లేస్తోంది. రైలుపట్టాల అవతల గూడ్సుబండి ఒకటి ఎంతకీ కదలక నిలబడి ఉంది, దాని గార్డు కూడా దిగి మా ఆట చూస్తున్నాడు. నాకు మూడు వికెట్లు పడ్డాయి. అన్నదమ్ములిద్దరు భూపాలపల్లి వైపు నుంచి బస్సులో వచ్చారు, మంచి బ్యాట్స్‌మన్లు, వాళ్లిద్దరినీ నేనే ఔట్ చేశాను. భాయ్‌కి కూడా మూడే పడ్డాయి. వైడ్లు ఎన్ని వేశాడో నేను లెక్కపెట్టుకున్నాను, సారు పెట్టుకున్నట్టు లేదు.

సాయంత్రం సారు గడియారం చూసుకుంటూ, ఇద్దరూ సమానంగానే ఉన్నారు, ఎవరిని రాసుకోవాలి అని గొణిగాడు. ఆయన బండికి వేళవుతోంది. అప్పుడు నేను అన్న మాట ఈ నలభై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. సార్, మా దగ్గర అంగలు కొలుస్తారు అన్నాను. నా పదిహేడంగల మీద నాకంత నమ్మకం. బౌలర్‌కు కీపర్ ఎదురుగా కనిపిస్తాడే గాని ఎంత వెనక ఉన్నాడో ఆ పరుగులో తెలియదు. సారుకు ఆ పద్ధతి నచ్చింది, లెక్క తొందరగా తేలుతుంది కదా. ఆయనే స్వయంగా స్టంపుల దగ్గర నుంచి అంగలు వేశాడు. మొరంలో రెండు గీతలు. దూరంగా ఉన్న గీత ఎవరిది అని అడిగితే, చుట్టూ ఉన్న పిల్లలు మానుకోట భాయ్‌ది అన్నారు. పద్దెనిమిది. దగ్గరి గీత నాది. పన్నెండు.

సారు నా భుజం తట్టి, వేగం పెంచుకో బాబూ, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు వెనక నుంచి స్పిన్నర్ అన్నాడు. ఎవరో నాకు తెలుసు. నేను బావ కోసం చూశాను. బావ అప్పటికే గ్లవ్స్ కింద పడేసి సారు వెంటపడ్డాడు. కొంచెంసేపటికి సారు సంచి బావ చేతిలో ఉంది, ముందు సారు, పక్కన భాయ్, సంచితో బావ, ముగ్గురూ రైల్వే స్టేషన్ వైపు వెళ్లిపోతున్నారు. మొరం మీద నా గీత పక్కన నేనొక్కడినే మిగిలాను. ఆ గీత వానలు పడేదాకా అలాగే ఉంది. నేను ప్రతి రోజూ వెళ్లి చూసేవాడిని.

ఆ రాత్రే నిర్ణయం చేసుకున్నాను. నా సొంత బావ, నా బంతి వేగం తెలిసిన ఒకే ఒక్క మనిషి, పెద్ద సారు ముందు నన్ను పన్నెండంగల బౌలర్‌ను చేసి, ఆ పైన ఆయన సంచి మోశాడు. ఆయనతో మాట ఆపేశాను. ఆపేశానంటే నిజంగానే ఆపేశాను, నలభై ఏళ్లు. పెళ్లిళ్లకు వెళ్లాను, చావులకు వెళ్లాను, ఒకే గదిలో కూర్చున్నాను, కాని ఏదన్నా అడగాల్సి వస్తే, బస్సు ఎన్నింటికో బావను అడుగక్కా అనేవాడిని. బావ పక్కనే కూర్చుని, ఐదింటికి అని చెప్పు అనేవాడు. మొదట్లో అక్క ఏడ్చింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత ఏ అనుభూతీ లేకుండా మా ఇద్దరి మధ్య మాటలు అందిస్తూ ఉండిపోయింది. సెలక్షన్ సారుకు మూడు పేజీల ఫిర్యాదు కూడా రాశాను, కార్బన్ కాపీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. జవాబు రాలేదు. మరుసటి ఏడాది మ్యాచ్‌కు నన్ను పిలవలేదు, పిలిచినా నేను వెళ్లేవాడిని కాదు. ఆ తర్వాత తహసీల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, బంతి పట్టిన చేత్తో రైతుల భూముల పహాణీ నకళ్లు రాసి రాసి రిటైరయ్యాను. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మహబూబాబాద్ ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా. మూడు ఊళ్లకు మూడు కలెక్టరేట్లు. ఆ పనేదో అప్పుడే చేసి ఉంటే నాకూ భాయ్‌కీ పోటీయే ఉండేది కాదు. ఇది కూడా ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నాను.

మళ్లీ చిట్యాలకు వస్తాను. టీవీలో ఇంకా ఆ పోలిక తెగలేదు. అంతలో గుమ్మంలో చెప్పులు విడిచి, నడుము కొంచెం వంగిన ఒక పొడుగు మనిషి లోపలికి వచ్చాడు. తెల్లటి గడ్డం, చేతిలో టోపీ. నేరుగా ఫోటో దగ్గరికి పోయి, కాసేపు తల వంచి నిలబడి, తర్వాత నా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. నేను గుర్తుపట్టాను. నడకను బట్టి. ఇన్నేళ్లలో అతని కబుర్లు గాలివాటుగా వినేవాడిని; సైకిల్ టాక్సీ మూతపడ్డాక చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద పనికి కుదిరి అక్కడే స్థిరపడ్డాడని తెలుసు గాని, చిట్యాలకు వస్తూపోతూ ఉంటాడని, బావ పోయిన రోజు కూడా వచ్చాడని తెలియదు. ఆ రోజు నేను శ్మశానం దాకా వెళ్లకుండానే వచ్చేశాను కదా.

అతను నన్ను గుర్తుపట్టలేదు. అదొక దెబ్బ. నేను జీవితమంతా మోసిన మనిషి నన్ను ఎవరని అడిగాడు. జనగామ అని చెప్పాను, గ్రౌండు అని చెప్పాను, అంగలని చెప్పాను. అప్పుడు మెల్లగా అతని కళ్లు వెలిగాయి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎంతైనా జిల్లాకు ఆడినవాడివి, హైదరాబాద్ దాకా పోయినవాడివి, మేమంతా నీకెందుకు గుర్తుంటాం అన్నాను. నా గొంతులో ఉన్నది అతనికి అర్థమైందో లేదో గాని, టీవీలో ఆ పొడుగు కుర్రాడిని చూస్తూ నవ్వాడు.

"ఏం హైదరాబాద్ భాయ్. పొద్దుగాల పోయిన, పగటీలికి ఎల్లగొట్టిన్రు. కొత్త బాలు గూడ చేతికియ్యలే. పాత బాల్‌తోటి ఆరు బాల్స్ ఏసిన. అక్కడి కీపరు నాకు ఎన్ని అంగలల్ల నిలవడ్డడో ఎర్కేనా? పది. మన మానుకోట పద్దెనిమిదంగలోడు ఆడ స్పిన్నరైండు."

జిల్లా జట్టులో కూడా రెండే మ్యాచులు ఆడాడట. నడుము పట్టేసింది. వాళ్ల నాన్నకు చెప్పలేక, వారం రోజులు కాజీపేటలో ఎవరి ఇంట్లోనో ఉండి, తర్వాత మానుకోట వెళ్లి సైకిళ్లకు పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు. నేను లెక్కవేసుకున్నాను. నాకు రాకుండా పోయినది ఇదన్నమాట. ఎండలో ఒక పూట, పాత బంతితో ఆరు బంతులు. దీనికోసమా నేను నలభై ఏళ్లు మనసులో ఒక కేసు నడిపాను అని మీరనవచ్చు. నేను మాత్రం అతని స్థానంలో నేనుంటే పది అంగలు కాకుండా పదిహేను తేలేవేమో అని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. మనిషి బుద్ధి అలాంటిది, కనీసం నాది అలాంటిది.

అందుకే వదిలిపెట్టలేదు. బావ ఆ రోజు సారు సంచి మోశాడు గదా, నిన్ను ఎక్కించడానికి స్టేషన్ దాకా వచ్చాడు గదా అని అడిగాను. భాయ్ నావైపు వింతగా చూశాడు.

"మోసుడేంది? గుంజుకున్నడు. సారు బండికి ఉరుకుతున్నడు, మీ బావ సంచి వట్టుకొని ఇడుస్తలేడు. ఒక్క ఓవర్ ఏయించి మీరే నిలవడి చూడున్రి సార్, గీతల్ల ఏముంటదని బతిమాలిండు. నాకు జర కోపం గూడ వచ్చింది, నా చోటు పోతదని. సారు ఇనలే. బండి ఎక్కినంకనే సంచి కిటికీలకెల్లి ఇచ్చిండు."

తెర మీద కోటు వేసుకున్న ఒకాయన వేగానికి మించినది లేదంటున్నాడు. భాయ్ తనే చెప్పుకుపోయాడు. ఆ రోజు మధ్యలో మంచినీళ్లకు ఆగినప్పుడు అతను బావను అడిగాడట, ఆ జనగామ పిల్లగాడికి దగ్గర నిలబడి నాకంత దూరం ఎందుకు పోతున్నారని. దానికి బావ అన్న మాటను భాయ్ ఇన్నేళ్లూ చెప్పుకుని నవ్వుకుంటూనే ఉన్నాడట. అందుకేనట వాళ్లిద్దరి స్నేహం కూడా నిలిచింది.

"వాని బాలు నాకు తెల్సు, కండ్లు మూసుకున్నా వచ్చి నా చేతులనే పడ్తది. నీది ఏడ పడ్తదో నీకే తెల్వదు గద బిడ్డా, నా పండ్లు నేను కాపాడుకోవద్దా, అన్నడు మీ బావ."

భాయ్ నవ్వుతూనే ఉన్నాడు. నేను బడి ఆవరణలోని గోడ గురించి ఆలోచిస్తున్నాను. పన్నెండంగలు. మూడేళ్ల పొద్దులు ఆ మనిషి ఏ దూరం నుంచి నా బంతులు పట్టాడో, పెద్ద గ్రౌండులో, ఎవరివో గ్లవ్స్‌తో కూడా అలవాటుగా అదే దూరంలో నిలబడ్డాడు. బహుశా అంగలు లెక్కపెట్టుకుని కూడా నిలబడి ఉండడు. ఆయన కాళ్లకు తెలుసు. ఇది నాకు తెలిసిన లెక్కే. గోడ నాకు తెలుసు, పన్నెండు నాకు తెలుసు, ఆ రెంటినీ కలిపి చూడడానికి నలభై ఏళ్లలో ఒక్క పూట కూడా నాకు తీరిక దొరకలేదు.

భోజనాలు అయ్యాయి. భాయ్‌ని చెల్పూర్ పోయే ఆటో ఎక్కించాను. నడుము పట్టుకుని మెల్లగా ఎక్కి, జనగామ వచ్చినప్పుడు కలుస్తానన్నాడు. కలవడని ఇద్దరికీ తెలుసు. లోపలికి వచ్చేసరికి అక్క విస్తళ్లు ఎత్తించి అలసిపోయి ఫోటో కింద చాప మీద కూర్చుని ఉంది. బావ ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు పెద్దదైందట, మనవళ్లు టీవీ కట్టేశారు. అక్క తలెత్తలేదు.

"రెండుసార్లు నీ తలుపు కాడికి వచ్చిండు. నువ్వు తియ్యలే. మూడోసారి బయిలెల్లుతుంటే నేనే వోనియ్యలే తమ్మీ. ఎన్నిసార్లు తలుపు ముందు నిలవడ్తడు మనిషి?"

నేను ఏదో అనబోయాను. తలుపు తీయకపోతే ఉత్తరం రాయొచ్చు, మనుషులతో చెప్పి పంపొచ్చు, కనీసం నీతోనైనా చెప్పించొచ్చు, నలభై ఏళ్లు బస్సు వేళలు చెప్పించాడు కదా. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. అక్క ముఖం చూసి మింగాను. ఆమె లేచి వెళ్లిపోయాక ఫోటో ముందు నిలబడ్డాను. రిటైరయిన రోజు తీసిన ఫోటో అది, మెడలో శాలువా, ముఖంలో ఆ పాత నవ్వే, గ్లవ్స్ తొడుక్కుని వెనక్కి నడిచేటప్పుడు నావైపు విసిరిన నవ్వు. క్షమించమని అడగాలని మంచివాళ్లకు తోస్తుందేమో. నాకు తోచింది వేరు.

"అంతేలే బావా, అన్నీ సరే. ఇంకో ఐదంగలు ఎనక్కి నిలవడ్తే నీదేం పోయేది?"

నలభై ఏళ్ల తర్వాత బావతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. ఎప్పుడూ మధ్యలో ఉండి జవాబు అందించే అక్క వంటింట్లో గిన్నెలు కడిగించుకుంటోంది.

జనగామ తిరిగి వచ్చాక ఒక సాయంత్రం ఆ గ్రౌండు వైపు నడిచాను. మ్యాటు పరిచిన చోట ఇప్పుడు సిమెంటు రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా ఇళ్లు. మడమతో గీద్దామన్నా మొరం లేదు. బడి ఉంది గాని పాత గోడ కూలగొట్టి, బాగా వెనక్కి జరిపి కొత్తది కట్టారు. ఇంటికి వచ్చి టీవీ పెడితే, ఆ తాటిచెట్టు కుర్రాడికి వెన్నెముకలో చీలిక వచ్చిందని, ఏడాది దాకా ఆడడని చెబుతున్నారు. కోట్ల పెద్దమనుషులు ఒక్క నిమిషం విచారించి, అతని సగం తెరలో ఇంకో దేశం నుంచి ఇంకో కుర్రాడిని తెచ్చి నిలబెట్టారు. ఎడమచేతి కుర్రాడు రెండో సగంలో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాడి వంతు ఇంకా రాలేదు.

ఇప్పుడు ఎవరూ అంగలు కొలవరు. బంతి చేయి వదలగానే అంకె తెర మీద పడుతుంది, దశాంశాలతో సహా. తప్పు జరిగే అవకాశమే లేదంటారు, నిజమే కావచ్చు. కాని ఆ అంకె పడే వేళకు కీపర్ ఎక్కడున్నాడో వాళ్లు చూపించరు, బంతి వచ్చి చేతిలో పడ్డాక ఒక్క క్షణం చూపించి తిప్పేస్తారు. నేను మాత్రం ఈ మధ్య అతన్నే వెతుకుతున్నాను. ఎవరి బంతికి ఎంత దగ్గరగా వస్తున్నాడో చూద్దామని టీవీకి దగ్గరగా జరుగుతాను, నా చూపు ఆనదు. తెరలో ఆ మనిషి ఎప్పుడూ దూరంగానే ఉంటాడు.